రోజుకి ఎంతమంది పోతారు?

రిటైరైన మర్నాడు పొద్దున మా ఆయన కాఫీ గ్లాసు నా చేతికిచ్చి, "ఇంతకీ ఇన్నేళ్లూ ఆ ఆఫీసులో నువ్వు చేసిందేంటి?" అని అడిగారు. ముప్ఫై ఏళ్లు ఖానాపురం హవేలిలోని మా ఇంటి నుంచి రోజూ స్కూటరు మీద తీసుకెళ్లి ఆఫీసు గేటు దగ్గర దింపిన మనిషి అడిగిన ప్రశ్న అది. ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదంటే, "అడిగితే చెప్తావని భయం" అన్నారు.

మా వీధిలో నన్ను కంప్యూటర్ మేడం అంటారు. ఆధార్‌లో పేరు తప్పు పడినా, ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా నా దగ్గరికే వస్తారు. నేను చేసిన పని అది కాదు. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు అడిగారు కనుక, మా ఆయన ఎటూ వినరు కనుక, రాసి పెడుతున్నాను. ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. నాకొచ్చినవి రెండే, రెండూ ఆలస్యంగానే.

మా ఆఫీసు ఖమ్మం ఊరి చివర. ముందు గదిలో డిజైను, వెనక షెడ్డులో వెల్డింగు. పొలాల్లో నీళ్ల ట్యాంకు స్టాండ్లు, మిర్చి షెడ్లు, చిన్న చిన్న వంతెనలు, ఇలా ఇనుముతో నిలబడేది ఏదైనా చేసేవాళ్లం. ఉద్యోగంలో మొదటి సగం డ్రాయింగ్ బోర్డు మీద చేత్తో గీశాను. రెండో సగంలో ఆకారాన్ని కంప్యూటరే వెతికి పెట్టేది.

అదెలాగంటే, ముందు ఒక పెద్ద ఇనుప దిమ్మ ఉందనుకోమని దానికి చెబుతాం. ఎక్కడ బరువు పడుతుందో, ఎక్కడ నేలకి ఆనుతుందో చెబుతాం. అది ఆ దిమ్మని లెక్కలో వేల ముక్కలుగా కోసుకుని, ఏ ముక్క బరువు మోస్తోంది, ఏ ముక్క ఊరికే కూర్చుంది అని చూసుకుంటుంది. ఊరికే కూర్చున్నదాన్ని తీసేస్తుంది. మళ్లీ లెక్క కడుతుంది, మళ్లీ తీసేస్తుంది. అలా కొన్ని వందలసార్లు చేశాక మిగిలిందే డిజైను. ఇదే పద్ధతి మా ఆఫీసు స్టాఫు మీద ప్రయోగిస్తే ఎవరెవరు మిగులుతారా అని చాలాసార్లు అనుకున్నాను. పైకి అనలేదు. నేను మిగులుతానన్న నమ్మకం లేదు.

అంతకంటే తేలికైంది లేదు

మా యజమాని చలపతి సార్. తాతల నాడు కృష్ణా వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. ఆయనకి ఇంజనీరింగ్ కంటే ఇంజనీరింగ్ గురించి మాట్లాడటం బాగా వచ్చు. ఆ కంప్యూటరు వచ్చిన రోజు దానికి కొబ్బరికాయ కొట్టి, మానిటర్‌కి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టించారు. ఆ బొట్టు స్క్రీన్ మీద సరిగ్గా మధ్యలో పడింది. ఏడాది పాటు మా డిజైన్లన్నిటికీ నడుమన ఎర్రటి మచ్చ ఉండేది.

మొదటిసారి ఒక ట్యాంకు స్టాండు ఇచ్చి, "బరువు వీలైనంత తగ్గించు" అని చెప్పి బటన్ నొక్కాను. సార్ నా కుర్చీ వెనకే నిలబడ్డారు. స్క్రీన్ మీద దిమ్మ సన్నబడింది, ఇంకా సన్నబడింది, తర్వాత మాయమైంది.

"ఏదమ్మా స్టాండు?"

"తీసేసింది సార్."

"ఎంత తీసేసింది?"

"మొత్తం."

చూసుకుంటే, ట్యాంకులో నీళ్ల బరువు చెప్పడం మర్చిపోయాను. సార్ కాసేపు గడ్డం గోక్కుని, "తప్పేం లేదు. మోయాల్సింది ఏమీ లేకపోతే స్టాండు మాత్రం ఎందుకు?" అన్నారు. ఆయన జీవితంలో ఇంజనీరింగ్‌కి బాగా దగ్గరగా వచ్చింది ఆ ఒక్క మాటలోనే.

పిల్లలకి ముందుగా చెప్పాల్సింది ఇదే. కంప్యూటరు మహా విధేయురాలు. చెప్పింది చెప్పినట్టు నమ్ముతుంది. చెప్పనిది అడగదు. మన ఇళ్లలో మనుషుల్లాగా "అదేంటి, ఇది మర్చిపోయావు" అని దెప్పదు. దెప్పేవాళ్ల విలువ నాకు ఆ ఉద్యోగంలోనే తెలిసింది.

బర్రె లోడు

జూలూరుపాడు దగ్గర ఒక పత్తి రైతు డ్రిప్పు కోసం నీళ్ల ట్యాంకు స్టాండు అడిగాడు. ఈసారి నీళ్ల బరువు మర్చిపోలేదు. నిండు ట్యాంకు బరువు పై నుంచి కిందికి ఎంత ఉంటుందో అంతా చెప్పాను. కంప్యూటరు కొంగ కాళ్లలాంటి నాలుగు కాళ్లిచ్చింది. కాళ్ల మధ్య అడ్డ కమ్మీలు లేవు. పక్క నుంచి ఎవరైనా తోస్తారని నేను చెప్పలేదు కదా, అందుకని తీసేసింది. గాలి సంగతి తర్వాత చూద్దాంలే అనుకుని నేనూ వదిలేశాను. అంత అందమైన స్టాండు ఖమ్మం చుట్టుపక్కల లేదని సార్ ఫొటోలు తీయించారు.

ఎనిమిదో రోజు ఫోనొచ్చింది.

"మేడం, మీ స్టాండు పండుకున్నది."

వెళ్లి చూస్తే నిజంగానే పక్కకి ఒరిగి పడుకుని ఉంది. ట్యాంకు పగిలింది. పక్కనే నిలువెల్లా తడిసిన బర్రె ఒకటి తాపీగా నెమరేస్తోంది. ఏమైందని అడిగాను.

"ఏం గాలె మేడం. దీనికి వీపు దురద పెట్టింది. మీ స్టాండుకు రాసుకున్నది, గంతే."

నేను పగిలిన ట్యాంకు ముక్కలు ఏరుతుంటే ఆయనే నన్ను ఓదార్చాడు. "స్టాండు తప్పేం లేదు మేడం. మా బర్రెకే కంప్యూటర్ రాదు."

కొత్త ట్యాంకుతో సహా కొత్త స్టాండు పెట్టించాం. ఆ రోజు నుంచి మా ఆఫీసులో ప్రతి డిజైనుకీ చూడాల్సిన బరువుల జాబితా ఇలా ఉండేది: సొంత బరువు, నీళ్లు, గాలి, బర్రె. పక్క నుంచి వచ్చే ప్రతి తోపుకీ మా దగ్గర అదే పేరు. ఒకసారి హైదరాబాద్ నుంచి ఫైళ్లు చూడటానికి వచ్చిన ఇంజనీరు, ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న ఆ మాట దగ్గర వేలు పెట్టి, "ఇది ఏ దేశం కోడు మేడం?" అని అడిగాడు. "లోకల్ కోడు సార్" అన్నాను. టిక్కు పెట్టి వెళ్లిపోయాడు.

యాకూబ్ భాయ్ చెయ్యి

వెనక షెడ్డులో పెద్ద వెల్డరు యాకూబ్ భాయ్. కంప్యూటరు ఇచ్చిన మొదటి బొమ్మ తీసుకెళ్లి చూపిస్తే, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఏంది మేడం ఇది? చెదలు తిన్న దుంగ లెక్కున్నది."

"ఉన్నవాటిలో ఇదే గట్టిది భాయ్."

"గట్టిదే గావచ్చు. గీ సందుల నా చెయ్యి పోతదా? చీమకు నేర్పియ్యాలె వెల్డింగ్."

నిజమే. బరువు మోసే దారులన్నీ ఒకచోట కలిసేవి, కాని ఆ కలిసేచోట వెల్డింగ్ టార్చి పట్టుకుని చెయ్యి పెట్టే సందు లేదు. మర్నాడు యాకూబ్ భాయ్ చేతికి గ్లౌజు తొడిగించి, టార్చి పట్టించి, కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీశాను. ఆ బొమ్మ నా టేబుల్ ముందు గోడకి చివరి రోజు దాకా ఉంది. ఏ సందైనా అంతకంటే చిన్నదైతే డిజైను వెనక్కి. ఇక్కడ చెయ్యి కూడా చూస్తారా అని కొత్తవాళ్లు అడిగేవారు. చూసేవాళ్లమే, ఒకే ఒక్క చెయ్యి.

అప్పటినుంచి నేను ఇనుము గురించి తక్కువ, ఖాళీ గురించి ఎక్కువ ఆలోచించడం మొదలుపెట్టాను. ఆ ప్రోగ్రాములో ఒక సౌకర్యం ఉంటుంది. "ఈ మేర ఇనుము రాకూడదు" అని ముందే ఒక చోటు గీసి ఇవ్వచ్చు. మేం దాన్ని ఖాళీ గది అనేవాళ్లం. నీళ్ల పైపు పోవడానికి ఒక ఖాళీ గది, వెల్డరు చేతికి ఒక ఖాళీ గది. మిగతా అంతా దాని ఇష్టం. ఖాళీ గది ఎంత ఉండాలో మాత్రం అది చెప్పదు. అది మన పని. నా ఉద్యోగంలో పెద్ద తప్పు అక్కడే చేశాను.

ఫారం

మణుగూరు దాటి అడవిలోకి పోతే తారురోడ్డు ఒకచోట ఆగిపోతుంది. అక్కడినుంచి మూడు కిలోమీటర్ల కాలిబాట, ఆ తర్వాత వాగు, వాగు అవతల కోయ గూడెం. వానాకాలం వాగు పొంగితే గూడెం అవతలే, దవాఖానా ఇవతలే. అక్కడ మనుషులు నడిచే వంతెన ఒకటి వేసే పని మాకొచ్చింది. అడవిలోకి క్రేను రాదు, లారీ రాదు. ప్రతి ముక్కా మనుషుల భుజాల మీదే పోవాలి. నలుగురు మోయలేని ముక్క ఉండకూడదు. అన్నేళ్లలో మొదటిసారి, బరువు తగ్గించడానికి సార్ ఫొటోలు కాకుండా వేరే కారణం దొరికింది.

సర్వేకి నేనే వెళ్లాను. నేనే తయారుచేసిన ఫారం పట్టుకుని వెళ్లాను. దాని మీద నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. గూడెం పెద్ద లక్ష్మయ్య వాగు ఒడ్డున బండ మీద కూర్చున్నాడు. పక్కన ఆశా వర్కరు కన్నమ్మ, ఇంకో పదిమంది. మొదటి ప్రశ్న చదివాను.

"పెద్దయ్యా, ఈ వాగు మీద రోజుకి ఎంతమంది పోతారు?"

ఆయన నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు.

"రోజుకెందుకు పోతరు బిడ్డా? నిరుడు ఇద్దరు పోయిన్రు."

నాకు నవ్వాగలేదు. నాతో వచ్చిన డ్రైవరూ నవ్వాడు. "ఆ పోవడం కాదు పెద్దయ్యా, నడిచి పోవడం" అన్నాను.

"గట్ల అడుగు. నడిచేటోళ్ళు యాభై మంది దాక ఉంటరు."

రాసుకుంటుంటే ఆయన వంగి కాగితంలోకి చూశాడు. "పోయేటోళ్ళ లెక్కనేనా? వచ్చేటోళ్ళ లెక్క వద్దా?"

"పోయినవాళ్లు వస్తారు కదా పెద్దయ్యా."

"అందరు రారు" అన్నాడు.

మాటకారి ముసలాయన అనుకున్నాను. గడిలో యాభై అని వేసి రెండో ప్రశ్నకి పోయాను. నేనూ డ్రైవరూ తప్ప ఆ ఒడ్డున ఎవరూ నవ్వలేదన్న సంగతి గమనించాను. గమనించి కూడా ఎందుకని అడగలేదు, ఎందుకంటే ఫారంలో ఆ ప్రశ్న లేదు.

చీపురు పుల్లలు

ఖాళీ గది గీశాను. ఒక మనిషి ఎత్తు, పైన జానెడు. వెడల్పు ఇద్దరు ఒత్తుకుని ఎదురుపడేంత. కంప్యూటరు రెండు రోజులు తిరిగి, చేప ఎముకల్లాంటి వంతెన ఇచ్చింది. పక్కల ఉన్న పైపులు మధ్యకి వచ్చేసరికి భుజాల దగ్గర లోపలికి వంగుతాయి, తల మీద కలుస్తాయి. నడుం సన్నటి ఆకారం. ఖాళీ గదిలోకి ఎక్కడా రాలేదు, దాని బయట వెంట్రుకవాసి చోటు కూడా వదల్లేదు. అంత తేలికైన వంతెన నేనెప్పుడూ చూడలేదు. చలపతి సార్ ఆ బొమ్మతో "అడవిలో ఈకంత వంతెన" అని ఆఫీసు ముందు ఫ్లెక్సీ కట్టించారు. ఒక పక్క వంతెన, ఇంకో పక్క ఆయన. ఆయన బొమ్మే పెద్దది.

మూరెడు పొడుగు ప్లాస్టిక్ నమూనా అచ్చు తీయించి గూడేనికి పట్టుకెళ్లాను. అందరూ చేతులు మార్చుకుంటూ చూశారు. లక్ష్మయ్య దాన్ని ఎత్తి, ఒక కొస నుంచి లోపలికి చూసి, "చేపల బుట్ట లెక్కున్నది. లోపలికి పోయిన చేప బయటికి రాదు" అన్నాడు. ఈసారి అందరూ నవ్వారు. ఒకరిద్దరు కోయలో ఇంకేదో అన్నారు, ఇంకా గట్టిగా నవ్వారు. అది నాకు ఎవరూ తెలుగులో చెప్పలేదు.

కన్నమ్మ మాత్రం పక్కన కూర్చుని అడిగింది.

"మేడం, గీ బొమ్మల మనిషి ఎంతుంటడు?"

"అగ్గిపుల్లంత."

ఆమె చీపురులోంచి పుల్లలు లాగి, పంటితో తుంపి, దారంతో కట్టింది. రెండు నిలువు, రెండు అడ్డం. నాలుగు మూలలా నాలుగు అగ్గిపుల్లలు నిలబెట్టి కట్టింది. అప్పుడు తెలిసింది నాకు, అది మంచం, మోసేవాళ్లు నలుగురు. దాన్ని నా వంతెనలోకి తోసింది. మొదట్లో బాగానే పోయింది. నడుం దగ్గరికొచ్చి ఇరుక్కుంది. ముందుకి తోస్తే అగ్గిపుల్ల ఒకటి విరిగింది. కన్నమ్మ చెయ్యి తీసేసింది. అందరూ దాన్నే చూస్తున్నారు.

"నిరుడు పోయింది లక్ష్మయ్య తాత మనుమరాలు మేడం" అంది కన్నమ్మ. "నెలలు నిండినయి. నొప్పులొస్తుంటె మంచం మీద గీ ఒడ్డు దాక మోసుకొచ్చినం. వాగు తగ్గలె. పొద్దుగూకే దాక గీడనే కూసున్నం."

"ఇద్దరన్నారు కదా?"

"ఆమె, ఆమె కడుపుల బిడ్డ."

లక్ష్మయ్య ఆ రోజు హాస్యమాడలేదు. నేను అడిగినదానికి జవాబు చెప్పాడు. నేను నవ్వాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు, పోకూడదు కూడా.

కన్నమ్మ నమూనాలోంచి పుల్లల మంచాన్ని మెల్లగా బయటికి తీసి నా చేతిలో పెట్టింది. "నడిచేటోళ్ళు ఎట్లనన్న పోతరు మేడం, ఈదుకుంటనన్న పోతరు. వంతెన కావాల్సింది నడువరానోళ్ళకు."

సార్ మంచమెక్కిన రోజు

చలపతి సార్‌కి అంతా చెప్పాను. ఆయన మనిషి చెడ్డవాడు కాదు. విని కళ్లు తుడుచుకున్నారు. తుడుచుకుని, "కాని సుభద్రా, మంచానికి చోటిస్తే వంతెన లావెక్కుతుంది. తగ్గించిన బరువంతా తిరిగొస్తుంది. ఫ్లెక్సీ కూడా కట్టించాను" అన్నారు. ఇలాంటి యజమానులు మీకూ తగులుతారు. వాళ్ల గుండె మంచిదే. దానికీ నోటికీ మధ్య ఫ్లెక్సీ అడ్డం ఉంటుంది.

వెనక షెడ్డుకి వెళ్లి యాకూబ్ భాయ్ దగ్గర మొర పెట్టుకున్నాను.

"సార్‌కు మాటలతోని గాదు మేడం, మంచంతోని చెప్పాలె" అన్నాడాయన.

మధ్యాహ్నానికల్లా వంతెన నడుం భాగాన్ని పాత పైపులతో అసలు కొలతకి వెల్డింగ్ చేసి షెడ్డులో నిలబెట్టాడు. ఇంటి నుంచి నులక మంచం తెప్పించాడు. సార్‌ని పిలిచి, ఒకసారి పరీక్ష చేద్దామన్నాం. ఆయన సరదాపడి, చెప్పులు విడిచి, ఇస్త్రీ చొక్కా నలగకుండా మంచం మీద వెల్లకిలా పడుకున్నారు. నలుగురు వెల్డర్లు భుజాలకెత్తుకున్నారు. సార్ కుడివైపు వాళ్లకీ ఎడమవైపు వాళ్లకీ నమస్కారం కూడా పెట్టారు.

నాలుగడుగులు బాగానే పోయారు. ఐదో అడుగులో మంచం పట్టెలు రెండు పక్కలా పైపులకి తగులుకున్నాయి. పై పైపు సార్ ముక్కు దాకా వచ్చింది. ముందుకి పోదు, వెనక్కి రాదు. వెనకున్నవాళ్లు తోస్తున్నారు, ముందున్నవాళ్లు ఆగమంటున్నారు. సరిగ్గా అప్పుడు సార్ జేబులో ఫోను మోగింది. చెయ్యి కదిలే చోటు లేదు. యాకూబ్ భాయ్ ఎంతో మర్యాదగా పైపుల మధ్య నుంచి చెయ్యి పెట్టి, ఫోను తీసి, సార్ చెవి దగ్గర పెట్టాడు. ఆ సందులో ఆయన చెయ్యి పట్టింది. అది నేను డిజైను చేసిందే. ఫోన్లో ఉన్నది ఈ వంతెన చూసే ఆఫీసరే.

"సార్, వంతెన మధ్యలోనే ఉన్నాను సార్" అన్నారు చలపతి సార్.

అవతల ఏదో అడిగారు.

"కొంచెం ఇరుగ్గా ఉంది సార్."

షెడ్డంతా నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది. అంతలో ముందున్న కుర్రవెల్డరు కాలు జారింది. మంచం ఒక్కసారి పక్కకి ఒరిగింది. నలుగురూ పట్టుకున్నారు, ఏమీ కాలేదు. కాని ఒక్క క్షణం సార్ రెండు చేతులతో నులక పట్టుకుని, నోరు తెరిచి, పైకప్పు కేసి చూశారు.

దింపాక మంచం మీదే కూర్చున్నారు. "ఇక్కడ నేల ఉంది. అక్కడ వాగు" అన్నారు. "నొప్పులు పడే పిల్ల" అని మంచినీళ్లు అడిగారు. మంచినీళ్లు తాగాక, "ఆ ఫ్లెక్సీ మీద 'ఈకంత' అన్నచోట ఏదన్నా కాగితం అతికించచ్చేమో చూడమ్మా" అన్నారు.

నెలలు నిండిన వంతెన

ఖాళీ గది మళ్లీ గీశాను. మంచం, మోసేవాళ్లు నలుగురు, పక్కన గొడుగు పట్టుకుని ఒక మనిషి. గొడుగు సంగతి కన్నమ్మ చెప్పింది. బరువుల జాబితా తీసుకుని మళ్లీ గూడేనికి వెళ్లి, ఈసారి ఫారం లేకుండా కూర్చున్నాను. చెప్పినవన్నీ రాసుకున్నాను. మేకల మంద. కావిళ్లు. వాగు పొంగితే ఊరంతా వంతెన ఎక్కి ఒక్క పక్కకే నిలబడి చూస్తారని లక్ష్మయ్య చెప్పాడు. ఏ పుస్తకంలోనూ ఆ బరువు లేదు. దానికి 'తమాషా లోడు' అని పేరు పెట్టాను. బర్రె ఎటూ ఉంది.

ఈసారి కంప్యూటరు ఇచ్చిన వంతెనకి నడుం లేదు. మధ్యకొచ్చేసరికి రెండు పక్కలా ఉబ్బి, నిండుగా ఉంది. పైన కమ్మీలు లేవు, ఆకాశమే. యాకూబ్ భాయ్ దాని వంకరలన్నీ చూసి, "గీ వంపు తియ్యాలంటే మా అబ్బా సమాధిల కెల్లి లేచి రావాలె" అంటే, వంపుల్ని తిన్నని పైపు ముక్కలుగా మార్చాను. కొంత బరువు పెరిగింది. కంప్యూటరు చెప్పినదాన్ని అచ్చం అలాగే కట్టానని ఎవరైనా అంటే నమ్మకండి. వాళ్ల దగ్గర వెల్డరు లేడని అర్థం.

మోసుకెళ్లడానికి గూడెం నుంచి వచ్చినవాళ్ల ముందే షెడ్డులో ఒకసారి బిగించి చూసి, విప్పి, ముక్కల మీద సుద్దతో నెంబర్లు వేసి పంపాం. సుద్దతో, తొలకరి ముందు, అడవిలోకి. అది పూర్తిగా నా తెలివే. దారిలో వాన కొట్టి నెంబర్లన్నీ కడుక్కుపోయాయి. నేను వెళ్లేసరికి తల పట్టుకోవాల్సిన అవసరమే లేకపోయింది. మోసుకొచ్చినవాళ్లు దారి పొడవునా వాటికి పేర్లు పెట్టుకున్నారు. బర్రె కొమ్ము, నాగలి, ముసలోడి మోకాలు. ఏది దేని పక్కనుండేదో షెడ్డు దగ్గర చూసినవాళ్లకి గుర్తుంది. "ముసలోడి మోకాలు ఇటియ్యి" అని అరుచుకుంటూ బిగించారు. తల తడవకుండా ఒకాయన నా డ్రాయింగు చుట్టుకున్నాడు.

పూర్తయిన రోజు కన్నమ్మ ఒడ్డున నిలబడి, పక్క నుంచి చాలాసేపు చూసింది.

"మంచిగున్నది మేడం. ఇది గూడ నెలలు నిండినట్టే ఉన్నది."

రెండో గడి

అది నా ఆఖరి పెద్ద పని. ఆ వేసవిలోనే రిటైరయ్యాను. వానాకాలం వచ్చింది. టీవీలో మణుగూరు వైపు వాగులు పొంగుతున్నాయని చెప్పినప్పుడల్లా లెక్కల కాగితాలు మళ్లీ తీసేదాన్ని. మేం చేసిన లెక్కలన్నీ తప్పేమో అనిపించేది. మా ఆయన టీవీ కట్టేసేవారు. నేను పెట్టేదాన్ని.

వానలు తెరిపిచ్చాక కన్నమ్మకి ఫోను చేశాను. గూడెంలో సిగ్నల్ ఉండదు కదా, దొరకదనే అనుకున్నాను. వెంటనే ఎత్తింది.

"మీ వంతెన నడుమ నిలబడితె సిగ్నల్ వస్తది మేడం. పొద్దుమాపు అందరం గీడనే ఉంటున్నం."

ఆ బరువు నేను లెక్కలో వెయ్యలేదు. "ఎంతమంది ఉంటారు? బర్రెలు కూడా ఎక్కుతున్నాయా?"

"బర్రెలకు ఫోన్లు లేవు మేడం."

తమాషా లోడుకి సరిపెట్టినది దీనికీ సరిపోతుందని మనసులో లెక్క చూసుకున్నాను. అప్పుడు అడిగాను. వేరే మాటల్లో అడగచ్చు. నా నోటికి ఆ పాత ప్రశ్నే వచ్చింది.

"ఈ వానాకాలం ఎంతమంది పోయారు కన్నమ్మా?"

"నడిచేటోళ్ళను లెక్కబెట్టలె. మంచం మీద నెలలు నిండినోళ్ళు ముగ్గురు పోయిన్రు."

ఆ మాటకి రెండర్థాలున్నాయని నాకంటే బాగా తెలిసినవాళ్లెవరు? ఫోన్లో గాలి, కింద వాగు హోరు వినిపిస్తున్నాయి.

"మేడం, ఉన్నరా? రాసుకుంటున్నరా?"

"ఉన్నాను. చెప్పు."

"ముగ్గురు పోయిన్రు, ఆర్గురు వచ్చిన్రు. మీ కాయితంల వచ్చేటోళ్ళకు గడి లేదని లక్ష్మయ్య తాత యాది చేస్తుండు. గీత గీసి రాసుకోన్రి."

పాత ఫారం బీరువాలోనే ఉంది. స్కేలు కోసం ఇల్లంతా వెతుకుతుంటే మా ఆయన, "రిటైరయ్యావు కదా, మళ్లీ ఏం చేస్తున్నావు?" అని అడిగారు. గీత గీసి, ఆరు అని వేసి, ఆయన్ని కూర్చోబెట్టి మొదటినుంచీ చెప్పాను. విన్నారు.